వెనిస్‌లో మూడు రోజులు, రెండు రాత్రులు: విద్యార్థి జేబుకు సరిపోయే ప్రయాణం

జర్మనీలో మాస్టర్స్ చదివే మనవాళ్ళు చాలామంది వెనిస్‌కు వెళ్ళే పద్ధతి ఒకటుంది. శుక్రవారం రాత్రి బస్సెక్కుతారు. శనివారం పొద్దున దిగి, సాన్ మార్కో చౌకులో ఫోటోలు దిగి, పిజ్జా తిని, రాత్రికి మళ్ళీ అదే బస్సెక్కుతారు. నేనూ మొదటిసారి అలాగే వెళ్ళాను. ఆరుగురం బయల్దేరాం, బస్సు మూడు గంటలు ఆలస్యమైంది. ఊళ్ళో అడుగుపెట్టేసరికి పదకొండు దాటింది. రియాల్టో వంతెన మీద కదలడానికి చోటు లేదు. తిరిగొచ్చాక ఏం చూశావని అడిగితే "జనాన్ని చూశాను" అనడం తప్ప చెప్పడానికి ఏమీ లేకపోయింది.

రెండోసారి నలుగురం వెళ్ళి రెండు రాత్రులున్నాం. అప్పుడు తెలిసింది, పగటిపూట వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళకు ఆ ఊరు సగం కూడా కనబడదని. తెల్లవారుజామున, రాత్రి తొమ్మిది దాటాక కనబడే వెనిస్ వేరు. దానికోసం లక్షలు ఖర్చు పెట్టక్కర్లేదు. ఎలాగో వరసగా చెబుతాను. ఇందులోని ధరలు మేము వెళ్ళినప్పటివి, కాబట్టి బుక్ చేసే ముందు ఒకసారి సరిచూసుకోండి.

మొదటి పని: ఎంతమంది, ఎప్పుడు

నలుగురైతే బాగుంటుంది, ఐదుగురు దాటవద్దు. దీనికి కారణాలున్నాయి. గొండోలాలో ఐదుగురికి మించి ఎక్కనివ్వరు. హాస్టళ్ళలో నాలుగు పడకల గది దొరికితే తలుపు వేసుకుని మనవాళ్ళమే ఉండొచ్చు. సందులు ఎంత ఇరుకంటే, ఎనిమిది మంది గుంపు నడిస్తే ముందున్నవాళ్ళు మలుపు తిరిగాక వెనకవాళ్ళకు కనబడరు. మొదటిసారి మా ఆరుగురిలో ఒకరు గొండోలా ఎక్కకుండా ఒడ్డున ఆగాల్సి వచ్చింది. ఆ అబ్బాయి ఏమీ అనలేదు కానీ మా అందరికీ మనసు చివుక్కుమంది.

కాలం విషయానికొస్తే, మార్చి నెలకే నా ఓటు. జర్మన్ యూనివర్సిటీల్లో ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా క్లాసులుండవు. కార్నివాల్, అంటే వెనిస్ ముసుగుల పండుగ, ఎక్కువగా ఫిబ్రవరిలోనే అయిపోతుంది, కొన్నేళ్ళు మాత్రం మార్చి మొదటివారం దాకా సాగుతుంది. ఆ తేదీలు తప్పించుకుంటే గదుల ధరలు తగ్గుతాయి. చలి ఉంటుంది, జాకెట్ ఉంటే చాలు. జులై, ఆగస్టుల్లో ఎండకు ఎండ, జనానికి జనం, దోమలకు దోమలు.

మార్చి మంచిదనడానికి ఇంకో కారణం ప్రవేశ రుసుము. 2024 ఏప్రిల్ 25 నుంచి వెనిస్ నగరపాలక సంస్థ పగటిపూట వచ్చి వెళ్ళేవాళ్ళ దగ్గర దీన్ని వసూలు చేయడం మొదలుపెట్టింది. ఏప్రిల్ నుంచి జులై మధ్య ఎంపిక చేసిన రోజుల్లో, ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 దాకా ఇది అమల్లో ఉంటుంది. 2025లో ముందే కట్టినవాళ్ళకు 5 యూరోలు, ఆఖరి రోజుల్లో కట్టినవాళ్ళకు 10 యూరోలు తీసుకున్నారు. రాత్రి బస చేసేవాళ్ళకు ఇది లేదు, కానీ ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసి మినహాయింపు క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. వెనిస్‌కు ఇవతల నేల మీదున్న మెస్త్రేలో ఉన్నా మినహాయింపు వర్తిస్తుంది, ఎందుకంటే మెస్త్రే కూడా వెనిస్ నగరపాలక సంస్థ కిందికే వస్తుంది. దగ్గర్లోని వేరే ఊరు పాదువాలో గది చౌకగా దొరికిందని అక్కడ దిగితే మాత్రం ఆ రోజుల్లో రుసుము కట్టాల్సిందే.

కాగితాలు: ఇక్కడ అజాగ్రత్త వద్దు

జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళు మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. ఇటలీకి వేరే వీసా అక్కర్లేదు. కానీ పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్ వెంట ఉండాలి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదు. షెంగెన్ కదా, ఎవరడుగుతారనుకోవద్దు. ఆస్ట్రియా నుంచి జర్మనీలోకి వచ్చే రైళ్ళలో, బస్సుల్లో పోలీసులు ఎక్కి చూస్తారు. కొత్తగా వచ్చి ఇంకా పర్మిట్ కార్డు రానివాళ్ళు, చేతిలో తాత్కాలిక పత్రం మాత్రమే ఉన్నవాళ్ళు, మీ ఊరి విదేశీయుల కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగాకే టికెట్ కొనండి. యూకే, ఐర్లాండ్‌లలో చదివేవాళ్ళకు షెంగెన్ వీసా తప్పనిసరి. దానికి అపాయింట్‌మెంట్ దొరకడానికే టైమ్ పడుతుంది కాబట్టి నెలల ముందే మొదలుపెట్టండి.

జర్మన్ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళ కార్డు వెనకవైపు యూరోపియన్ కార్డు ఉంటుంది. అది ఇటలీలో పనికొస్తుంది, కాబట్టి కార్డు వెంట ఉంచుకోండి. ప్రైవేటు బీమా ఉన్నవాళ్ళు తమ పాలసీ చూసుకోవాలి. ఎమర్జెన్సీ నంబరు 112.

ప్రయాణం, బస

మ్యూనిక్ నుంచి ఆస్ట్రియాలోంచి, బ్రెన్నర్ కనుమ, వెరోనా మీదుగా నేరుగా రైలుంది, ఏడు గంటల లోపే. ఆల్ప్స్ కొండల మధ్య నుంచి పోయే ఆ దారిని పగటిపూట చూడటం వేరే టూర్‌కు వెళ్ళినంత పని. టికెట్ రెండు మూడు నెలల ముందు తీసుకుంటే సగానికి సగం తేడా ఉంటుంది. రాత్రి బస్సు చౌకే. కానీ నిద్రలేని కళ్ళతో మొదటి రోజు పాడవుతుంది.

రైలు టికెట్ మీద స్టేషన్ పేరు చూడండి. వెనిస్ పేరుతో రెండు పెద్ద స్టేషన్లున్నాయి. వెనిసియా మెస్త్రే నేల మీద ఉంది. వెనిసియా శాంటా లూచియా నీళ్ళ మధ్య, అసలు ఊళ్ళో ఉంది. మధ్యలో ఉప్పుటేరు మీద పొడవాటి వంతెన. 1846లో రైలు వంతెన, 1933లో రోడ్డు వంతెన కట్టారు. అంతకు ముందు ఊళ్ళోకి వెళ్ళాలంటే పడవే గతి.

బస మెస్త్రేలో పెట్టుకోండి. అసలు ఊళ్ళో అద్దెకు మెస్త్రేలో సగం కూడా అవదు. రైలు ఎక్కితే పది పన్నెండు నిమిషాల్లో శాంటా లూచియా. టికెట్ రెండు యూరోల లోపే. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి. బుక్ చేసేటప్పుడు హాస్టల్ నుంచి స్టేషన్‌కో ట్రామ్ స్టాప్‌కో నడకదూరం పది నిమిషాల లోపు ఉందో లేదో చూడండి. రాత్రి ఆలస్యంగా వస్తారు, పొద్దున్నే వెళ్తారు కాబట్టి ఆ పది నిమిషాలే ముఖ్యం.

పడవ పాస్: అన్నిటికన్నా ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే

వెనిస్‌లో కారు లేదు, ఆటో లేదు, సైకిల్ కూడా నడపనివ్వరు. కాళ్ళు, లేదంటే పడవ. సిటీ బస్సులాంటి పడవను వపొరెట్టో అంటారు. ఒక్కసారి ఎక్కడానికి 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. రోజుకు మూడుసార్లు ఎక్కితే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. మామూలు 72 గంటల పాస్ 45 యూరోలు. కానీ 6 నుంచి 29 ఏళ్ళ వయసువాళ్ళకు రోలింగ్ వెనిస్ అని ఒక కార్డు ఉంది. ధర 6 యూరోలు. అది తీసుకుంటే 72 గంటల పాస్ 27 యూరోలకే ఇస్తారు. అంటే రెండూ కలిపి 33. విద్యార్థి అయి ఉండాలన్న నియమం కూడా లేదు, వయసు చాలు. చాలామందికి ఈ సంగతి తెలియక 45 కట్టేస్తున్నారు.

ఇదే పాస్ మీద మెస్త్రే బస్సులు, ట్రామ్ కూడా ఎక్కొచ్చు. అంటే హాస్టల్ నుంచి ఊళ్ళోకి రాకపోకలు కూడా ఇందులోనే కలిసిపోతాయి. మార్కో పోలో విమానాశ్రయానికి మాత్రం చెల్లదు. ఇంకో జాగ్రత్త: పాస్ ఉన్నా ప్రతిసారీ రేవులోని మెషీన్‌కు తాకించాలి. మొదటి ట్రిప్‌లో మా ఫ్రెండ్ ఒకమ్మాయి పాస్ ఉంది కదా అని తాకించకుండా ఎక్కేసింది. తనిఖీలో జరిమానా పడింది. రూల్ చదవకుండా వెళ్ళడం మా తప్పే.

మొదటి సాయంత్రం: ఒకటో నంబరు పడవ

మధ్యాహ్నానికి దిగి, సామాను హాస్టల్లో పడేసి, పొద్దు వాలే వేళకు ప్యాజలే రోమా చేరండి. బస్సులు, కార్లు అక్కడిదాకే. ఒకటో నంబరు వపొరెట్టో అక్కడే బయల్దేరుతుంది కాబట్టి ముందువైపు బయట సీట్లు దొరకడానికి అవకాశం ఎక్కువ. రైల్వే స్టేషన్ రేవు దగ్గర ఎక్కితే అవి అప్పటికే నిండిపోతాయి. ముందు సీట్లు నిండి ఉంటే ఇంకో పడవ వచ్చేదాకా ఆగండి.

ముప్పావు గంట సేపు ఆ పడవ పెద్ద కాలువ పొడవునా, దాదాపు 3.8 కిలోమీటర్లు, ఒక్కో రేవు దగ్గర ఆగుతూ వెళ్తుంది. పెద్ద కాలువ మీద వంతెనలు నాలుగే. వాటిలో 1591లో పూర్తయిన రాతి రియాల్టో అన్నిటికన్నా పాతది. ఎడమవైపు రాతిని జరీ అంచులా చెక్కిన కా దోరో భవనం, కాలువ వంపు దగ్గర కుడివైపు కా ఫోస్కరి యూనివర్సిటీ, చివర కుడి ఒడ్డున శాలూతె చర్చి గుమ్మటం కనిపిస్తాయి. 1630లో వచ్చిన ప్లేగు తగ్గాలని మొక్కుకుని కట్టిన చర్చి అది, 1687లో పూర్తయింది. బురదనేలలో లక్షల సంఖ్యలో కొయ్య దుంగలు దిగగొట్టి వాటి మీద లేపారు. ఊరంతా అలాంటి దుంగల మీదే నిలబడి ఉంది. గాలి తగలని బురదలో ఉన్నాయి కాబట్టి ఆ దుంగలు ఇన్ని శతాబ్దాలు నిలిచాయి.

సాన్ మార్కో దగ్గర దిగి, తిరుగు ప్రయాణం నడిచి రండి. రాత్రి తొమ్మిది దాటితే సందుల్లో మీ అడుగుల చప్పుడు మీకే వినబడుతుంది. ఒకప్పుడు, 1951లో, ఈ దీవుల మీద లక్షా డెబ్భై అయిదు వేలమంది ఉండేవారు. ఇప్పుడు యాభై వేలు కూడా లేరు. అద్దెలు భరించలేక ఊరివాళ్ళు మెస్త్రేకు వెళ్ళిపోతున్నారు. వెలుగు లేని కిటికీలు చూస్తుంటే ఆ సంగతి గుర్తొస్తుంది. అందుకే మాట తగ్గించి నడవండి, వెలుగున్న కిటికీల వెనక నిద్రపోతున్నవాళ్ళు ఉంటారు.

దారి ఎలా కనుక్కోవాలి

గోడల మీద పసుపు బోర్డులుంటాయి. "పెర్ రియాల్టో", "పెర్ సాన్ మార్కో", "ఫెర్రోవియా". ఫెర్రోవియా అంటే రైల్వే స్టేషన్. ఎత్తైన గోడల మధ్య ఫోన్ మ్యాప్ తడబడుతుంది, బోర్డులు తడబడవు. ఇంటి నంబర్లు వీధివారీగా కాకుండా పేటవారీగా ఉంటాయి. ఆరు పేటల్లో ఒక్కో పేటకు వేల నంబర్లు. కాబట్టి చిరునామాలో నంబరు మాత్రమే ఉంటే సరిపోదు, సందు పేరు కూడా రాసుకోండి. సందును కాల్లె అని, చౌకును కాంపో అని, కాలువ గట్టును ఫొండమెంత అని అంటారు. మ్యాప్‌లో సందు చివర నీళ్ళుండి వంతెన లేకపోతే వెనక్కి తిరగడమే.

విడిపోతే కలుసుకునే చోటు పొద్దున్నే ఒకటి అనుకోండి. మేము రియాల్టో పక్కనున్న సాన్ బర్తొలొమెయో చౌకులో, నాటక రచయిత గొల్దోని విగ్రహం కింద అనుకున్నాం. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజున అదే ఆదుకుంది.

రెండో రోజు: సూర్యుడి కన్నా ముందు

ఈ ఒక్కరోజు అలారం పెట్టుకుని లేవండి. ఆరున్నరకల్లా సాన్ మార్కో చౌకులో ఉండాలి. మేము వెళ్ళేసరికి అక్కడ చీపుళ్ళతో ఊడ్చే కార్మికులు, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, మేము. అంతే. కట్టేసిన గొండోలాలు అలలకు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. నాలుగు గంటల తర్వాత అదే చోట కాలు పెట్టడానికి సందుండదు.

చౌకులోని పెద్ద చర్చి, సాన్ మార్కో బసిలికా, ముఖద్వారం మీది నాలుగు కంచు గుర్రాలు చూడండి. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను దోచినప్పుడు తెచ్చారు. 1797లో వెనిస్ రిపబ్లిక్‌ను కూల్చిన నెపోలియన్ వాటిని పారిస్‌కు పట్టుకుపోయాడు. 1815లో తిరిగొచ్చాయి. బయట ఉన్నవి నకళ్ళు, అసలువి లోపలి మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. పక్కనున్న గంటల గోపురం 98.6 మీటర్లు. 1902 జులై 14న కుప్పకూలితే 1912కల్లా ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టారు.

బసిలికా లోపలికి టికెట్, టైమ్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి. పెద్ద బ్యాగులు రానివ్వరు. డోజె, అంటే ఒకప్పటి వెనిస్ పాలకుడి, భవనానికి మామూలు టికెట్ 30 యూరోలు, 25 ఏళ్ళ లోపు విద్యార్థులకు 15. స్టూడెంట్ ఐడీ తప్పకుండా వెంట ఉంచుకోండి. తొమ్మిదింటికి తలుపులు తీయగానే వెళ్తే నిట్టూర్పుల వంతెన లోపలి నుంచి ప్రశాంతంగా దాటొచ్చు. శిక్షపడిన ఖైదీలు జైలుకు పోతూ రాతి జాలీలోంచి ఆఖరిసారి నీళ్ళను చూసేవారని ఆ పేరు వచ్చిందంటారు. గోపురం ఎక్కాలనుంటే ఎదుటి దీవిలోని సాన్ జోర్జో మజ్జోరె చర్చి గోపురం ఎక్కండి. రెండో నంబరు పడవ ఒక్క రేవు దూరం. లిఫ్ట్ ఉంది, క్యూ తక్కువ. అక్కడి నుంచి సాన్ మార్కో మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. సాన్ మార్కో గోపురం ఎక్కితే ఆ దృశ్యమే దొరకదు.

మధ్యాహ్నం నుంచి పెద్ద చోట్లు వదిలేసి కన్నరెజో పేట వైపు నడవండి. 1516లో యూదులను ఒకచోట కట్టడి చేసిన పేట అక్కడే ఉంది. "ఘెట్టో" అనే మాట ప్రపంచానికి అక్కడి నుంచే వచ్చింది. ఎక్కువమందిని కొద్ది చోటులో కుక్కడం వల్ల ఇళ్ళు ఏడెనిమిది అంతస్తుల దాకా లేచాయి.

ఆ దారిలోనే తెలుగువాళ్ళు ఆగాల్సిన ఒక చిన్న వాకిలి ఉంది. రియాల్టోకు దగ్గర్లో, మలిబ్రాన్ నాటకశాల వెనక, కోర్తె సెకొండా దెల్ మిలియోన్. మార్కో పోలో కుటుంబం ఉండిన చోటు. 1271లో ఇక్కడి నుంచి బయల్దేరి 1295లో తిరిగొచ్చిన ఆయన, తన ప్రయాణాల కథనంలో ముట్ఫిలి అనే రాజ్యం గురించి చెప్పాడు. అది మన బాపట్ల జిల్లా మోటుపల్లి. అక్కడ న్యాయంగా పాలించే ఒక రాణి ఉందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నని బట్టలు నేస్తారని చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి. ఆమె తండ్రి గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయమిచ్చి శాసనం వేయించిన రేవు కూడా ఆ మోటుపల్లే. వాకిట్లో పాత రాతి కమాను, ఒక బావి తప్ప చూడటానికేమీ లేదు. మేము మాత్రం అరగంట కూర్చున్నాం. మాలో ఒకడిది చీరాల. ఫోన్లో వాళ్ళ నాన్నకు ఆ చోటు చూపించాడు.

గొండోలా ఎక్కాలా వద్దా

అధికారిక ధర పగలు 90 యూరోలు, అరగంట. రాత్రి ఏడు దాటాక 110. ఇది పడవకు, మనిషికి కాదు. ఐదుగురైతే తలకు 18. ఎక్కే ముందు ధర, నిమిషాలు నోటితో ఖాయం చేసుకోండి. సాన్ మార్కో ముందు ఎక్కితే పడవల వరసలో ఇరుక్కుంటారు. లోపలి చిన్న కాలువల రేవుల్లో ఎక్కండి. పడవ కాస్త పక్కకు ఒరిగి ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కడే ఒకవైపున తెడ్డు వేస్తాడు కాబట్టి నేరుగా సాగడానికి ఎడమవైపు 24 సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పుతో చేస్తారు.

అంత పెట్టలేమనుకుంటే త్రగెత్తో ఉంది. పెద్ద కాలువను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే గొండోలా, గోదావరి రేవుల్లో పడవ దాటినట్టే. చేపల మార్కెట్‌కు ఎదుటి శాంటా సోఫియా రేవులో ఎక్కొచ్చు. 2 యూరోలు, రెండు నిమిషాలు. రియాల్టో చేపల మార్కెట్ ఆది, సోమవారాల్లో ఉండదు, మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్ళండి.

తిండి

కూర్చుంటే ఒక ధర, కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర. కాఫీ నిలబడి తాగండి. హోటల్ బిల్లులో కొపెర్తో అని తలకు రెండు మూడు యూరోలు పడుతుంది, అది మోసం కాదు, అక్కడి పద్ధతి. బకరో అనే చిన్న కొట్లలో చికెత్తి దొరుకుతాయి, బ్రెడ్ ముక్క మీద రకరకాలు పెట్టి ఇస్తారు. ఒక్కోటి రెండు యూరోల చుట్టూ. శాకాహారులు "సెంజా కార్నె, సెంజా పేషె" అని అడగండి, మాంసం, చేప లేకుండా అని. బక్కలా అంటే చేప, తెల్లగా వెన్నలా ఉంటుంది కాబట్టి చూసి చీజ్ అనుకునే ప్రమాదముంది.

మేము మొదటి రోజుకు పులిహోర కట్టుకెళ్ళాం. కానీ వంతెనల మెట్ల మీద, సాన్ మార్కో చౌకులో కింద కూర్చుని తింటే జరిమానా వేస్తారు. కాలువలో కాళ్ళు పెట్టినా, పావురాలకు గింజలు వేసినా అంతే. ఊరి తూర్పు కొసన సాంతెలెనా పార్కుంది. పైన్ చెట్ల కింద బెంచీలు, ఎదురుగా నీళ్ళు. అక్కడ తినండి. బాటిల్ ఉంచుకుంటే ఊరంతా ఉన్న కుళాయిల్లో మంచినీళ్ళు ఉచితం. పబ్లిక్ టాయిలెట్‌కు 1.50 అవుతుంది, చిల్లర పెట్టుకోండి.

మూడో రోజు: లంకలు

ఫొండమెంతె నోవె రేవు నుంచి 12వ నంబరు పడవ. ముందు బురానోకు పొండి, మురానో తిరుగుదారిలో చూడొచ్చు. పది దాటితే బురానో రంగు రంగుల ఇళ్ళ ముందు ఫోటోలకు క్యూ కడతారు. అవి మనుషులుండే ఇళ్ళు, గుమ్మం మెట్ల మీద ఎక్కి నిలబడకండి. అక్కడి నుంచి తొర్చెల్లో చాలా దగ్గర. 639లో మొదలైన చర్చి, చుట్టూ గడ్డి, పది పన్నెండు ఇళ్ళు. వెనిస్ కన్నా ముందు జనం స్థిరపడింది అక్కడే. మా నలుగురికీ ట్రిప్ మొత్తంలో అదే ఎక్కువ నచ్చింది. మురానోకు గాజు కొలిమిలను 1291లో ఊళ్ళో నుంచి తరలించారు, నిప్పు భయంతో. కొలిమి దగ్గర పని చూడండి, కొనే ముందు మురానోలో చేసిందో కాదో గుర్తు చూసి అడగండి.

అక్టోబరు నుంచి చలికాలం దాకా వెళ్ళేవాళ్ళు పోటు సూచన చూసుకోండి. 2019 నవంబరు 12న నీళ్ళు 187 సెంటీమీటర్లకు లేచాయి. 2020 అక్టోబరు నుంచి మోసె అనే 78 ఇనుప తలుపులు పెద్ద పోటును సముద్రంలోనే ఆపుతున్నాయి. చిన్న పోటుకు వాటిని ఎత్తరు, అప్పుడు పల్లంలో ఉన్న సాన్ మార్కో చౌకులో నీళ్ళు నిలవొచ్చు.

లెక్క

తలకు ప్రయాణం 80, రెండు రాత్రుల పడక 64, పడవ పాస్ 33, డోజె భవనం 15, తిండి 48, గొండోలా, చిల్లర ఖర్చులు 40. మొత్తం 280 యూరోలు. బ్లాక్డ్ అకౌంట్ (జర్మన్ వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) నుంచి నెలకు 992 వచ్చేవాళ్ళకు ఇది చిన్న మొత్తం కాదు. అందుకే మేము మూడు నెలల ముందు నుంచి నెలకు 90 చొప్పున పక్కన పెట్టాం. అందరం తలా 50 ఒకరి చేతికిచ్చి, ఉమ్మడి ఖర్చులన్నీ ఆ పర్సులోంచే చేశాం. మిగతావి యాప్‌లో రాసుకున్నాం. అందరి దగ్గరా ఒకేలా డబ్బుండదు. ఖరీదైనవి ఏవి చేయాలో బయల్దేరే ముందే తేల్చుకుంటే, అక్కడికి వెళ్ళాక ఎవరూ మొహమాటంతో జేబు తడుముకోవాల్సిన పని ఉండదు.

తిరుగు రైలుకు అరగంట ముందు స్టేషన్ చేరండి. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు పైన పెట్టిన బ్యాగులో కాకుండా జేబులో ఉంచుకుని కూర్చోండి. బ్రెన్నర్ దాటాక, జర్మనీ సరిహద్దులో, అందరూ నిద్రలో ఉన్నప్పుడే పోలీసులు ఎక్కుతారు.